తిరిగే చక్రానికి స్థిర చిరునామా

'చక్రం సాన దుకాణం' యజమాని గారికి,

మీరెవరో నాకు తెలియదు. తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. అయినా మర్యాద మర్యాదే కనుక ముందుగా నమస్కారం.

ఈ ఉదయం తలుపు తీసేసరికి మా గేటు ముందు తలుపంత మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో మాంసం కొట్టే కత్తి. "మీరేనా?" అన్నాడు. "కాదు" అన్నాను. అలాంటి చేతిలో అలాంటి కత్తి ఉన్నప్పుడు ఆ ప్రశ్నకు మరో జవాబు ఉంటుందని నాకు తోచలేదు. అతను ఫోను నా ముఖం ముందు పెట్టి "ఇక్కడే అంటోంది కదండీ!" అన్నాడు. చూద్దును కదా, మ్యాపులో మా ఇల్లు, మా గేటు, గేటు మీద మా ఆవిడ ఆరేసిన దుప్పటి. ఆ దుప్పటి నెత్తిన ఒక ఎర్రటి గుర్తు. పక్కన 'చక్రం సాన దుకాణం, కత్తులకూ కత్తెరలకూ పదును పెట్టబడును, ఇప్పుడు తెరిచి ఉంది' అని రాసి ఉంది.

అతను వెళ్లాడో లేదో కత్తెరలు పట్టుకుని ఇద్దరు దర్జీలు వచ్చారు. తరవాత ఒక ముసలావిడ సంచిలోంచి కత్తి తీసి, "నాయనా, ఇది టమాటాను కొయ్యదు, నలుపుతుంది" అని కన్నీళ్లు పెట్టుకుంది. ఎదురింటివాళ్లు కిటికీ తెర పక్కకు జరిపి ఇదంతా చూసి పోలీసులకు ఫోను చేశారు. నా మీద జాలితో కాదు. ఇంతమంది కత్తులతో వచ్చారంటే నేనేదో చేసే ఉంటానని వాళ్ల నమ్మకం.

నేను బాధ్యత గల ఉద్యోగం చేసి విరమించినవాణ్ని. నా సర్వీసు మొత్తంలో నన్ను వేలెత్తి చూపినవారు లేరు. ఇప్పుడు కత్తులెత్తి చూపుతున్నారు. ఆ గుర్తు వెంటనే తీసేయండి. లేకపోతే నగర కార్యాలయానికి ఫిర్యాదు చేస్తాను. ఫోనులో అన్న మాటకు సాక్ష్యం ఉండదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మీ జవాబూ కాగితం మీదే ఉండాలి.

ఇట్లు,
మీ ఎర్రగుర్తు కింద నలుగుతున్న గృహస్థు

తా.క. ఈ ఉత్తరాన్ని మీ దుకాణం చిరునామాకు పోస్టు చేద్దామంటే మీ చిరునామా మా ఇల్లే! మధ్యాహ్నం మా గోడ నీడన సైకిలు ఆపుకుని భోజనం చేసే మనిషి ఒకాయన ఉన్నాడు. ఈ దుకాణం యజమాని తెలుసా అని అడిగితే, "ఎరుగుదునయ్యా, ఇచ్చేస్తాను" అన్నాడు. ఎంత మర్యాదస్తుడో! అలాంటివారిని చూసి నేర్చుకోండి.

* * *

గోడ నీడ ఇచ్చిన పెద్దాయన గారికి, సాన పట్టేవాడి కూతురు చేతులు జోడించి రాస్తున్నది,

ఆ మర్యాదస్తుడే దుకాణం. ఆయన మా నాన్న. "ఎరుగుదును అని ఊరుకున్నావేంటి, నేనేనని చెప్పొద్దూ?" అని అడిగితే, "ఆయన అడిగింది ఎరుగుదువా అనే కదమ్మా" అన్నారు.

మా నాన్నకు దుకాణమంటూ వేరే ఏమీ లేదండీ. సైకిలే దుకాణం. స్టాండు వేసి, వెనక బిగించిన సానరాయికి పట్టీ తగిలించి, కూర్చుని తొక్కుతారు. వీధుల్లో అందరూ ఆయన్ని 'చక్రం' అంటారు. అసలు పేరు మా అమ్మకు కూడా ఆలోచిస్తే గాని గుర్తురాదు.

తప్పు మాది కాదు. వీధుల్లో పనిచేసే ప్రతివారూ ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలని నగర కార్యాలయం ఉత్తర్వు వేసింది. గుర్తింపు కార్డు లేనివారి బండిని లారీ ఎత్తుకుపోతుందట. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేను. అందుకని ఇంట్లో ఏ మీట నొక్కాల్సి వచ్చినా, "చదువుకున్నావుగా, నువ్వే నొక్కు" అంటారు. నొక్కాను. 'మీ దుకాణం ఎక్కడ?' అంది. 'తిరుగుతూ ఉంటారు' అని రాశాను. 'సరైన చిరునామా ఇవ్వండి' అంది, ఎర్ర అక్షరాలతో. 'అన్ని వీధులూ' అన్నాను. మళ్లీ ఎరుపే. మా ఇల్లు రాస్తే 'ఇరుకు నివాసం, వృత్తికి తగదు' అంది. మా ఇల్లు ఇరుకని దానికెవరు చెప్పారండీ? చివరికి 'రోజూ ఒకే వేళకు తప్పకుండా ఎక్కడ ఉంటారు?' అని అడిగింది. అన్ని ప్రశ్నల్లోనూ అదొక్కటే మనిషి అడిగినట్టుంది. నాన్నని అడిగితే, "ఆ అయ్యగారి గోడ దగ్గర. అక్కడ నీడ బాగుంటుంది" అన్నారు. గోడ మీద వేలు పెట్టాను. గుర్తు గేటు మీద పడింది.

ఇప్పుడు తీసేద్దామంటే తీయనివ్వడం లేదు. ముందు ధ్రువీకరించాలట. రహస్య సంఖ్యను ఒక కార్డు మీద వేసి, ఆ చిరునామాకు, అంటే మీ ఇంటికి, పోస్టులో పంపారట. దయచేసి అది రాగానే నాన్న చేతికివ్వండి. సంఖ్య కొట్టి, గుర్తింపు కార్డు తీసుకుని, మరుక్షణం మీ గేటు వదిలేస్తాను. మీరు ఫిర్యాదు చేస్తే కార్డు రాదు. కార్డు రాకపోతే లారీ వస్తుంది. ఆ సైకిలు పోతే మా నాన్నకు చేయడానికి వేరే పని లేదు.

ఇట్లు,
చక్రం కూతురు (కళ్లజోళ్ల దుకాణంలో బిల్లులు రాస్తాను)

తా.క. ఉదయం వచ్చింది సంత వెనక మాంసం కొట్టాయన. ఈగను కూడా చంపని మనిషి. మీరు "కాదు" అని తలుపు వేసిన తీరుకు బాగా నొచ్చుకున్నారట.

* * *

అమ్మాయీ, ఆశీస్సులు. అవి మర్యాద కోసమే, మనసులోంచి కాదు.

కార్డు వచ్చింది. మీ నాన్న చేతికివ్వలేదు. రహస్య సంఖ్యను దారిన పోయేవారికి ఇవ్వడం నా పద్ధతి కాదు. చిరునామా నాది, కాబట్టి సంఖ్యా నాదే. నా ఇంటి మీద పడ్డ పీడను నేనే వదిలించుకుంటానని మా ఆవిడ ఫోను తీసుకుని కూర్చున్నాను.

సంఖ్య కొట్టగానే ప్రశ్నలు మొదలయ్యాయి. 'ఈ చిరునామా మీదేనా?' నాది కాక ఎవరిది? ఔను. 'ఇక్కడికి వచ్చేవారితో మీరే మాట్లాడతారా?' ఇంకెవరు మాట్లాడతారు? మా ఆవిడ లోపల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఔను. 'పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇక్కడే ఉంటారా?' రిటైరైనవాణ్ని, ఎక్కడికి పోతాను? ఔను. తెర మీద రంగుకాగితాలు రాలాయి. 'అభినందనలు యజమాని గారూ, మీ దుకాణం ఖాయమైంది' అంది.

ఇది దగా. నేను ఒక్క అబద్ధం ఆడలేదు. అన్నీ నిజాలే చెప్పి కత్తుల దుకాణం యజమానినయ్యాను. 'అయ్యా, మీరు కత్తులకు సాన పడతారా?' అని ఒక్కటంటే ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ గొడవే లేదు. దీనికంతటికీ కారణం నీ వేలు.

పైగా స్థిర చిరునామా నిబంధనను వెక్కిరిస్తావా? ఆ ముసాయిదా రాసిన కమిటీలో నేనున్నాను. మనిషి ఎక్కడున్నాడో తెలియకపోతే ప్రభుత్వం అతనికి మేలెలా చేస్తుంది? చదువుకున్నదానివి, ఆలోచించు.

ఇట్లు,
యజమానిని కానివాడు

తా.క. యజమాని ఫోటో కావాలంటే మా ఆవిడ తీసి పెట్టింది. అందులో నేను బనీనుతో ఉన్నాను. నగరమంతా చూస్తోంది.

* * *

కమిటీ గారికి,

నమస్కారం పెడుతున్నాను. కోపంతో.

ఆ నిబంధన మీరు రాశారా! నేను ఇన్నాళ్లూ దాన్ని ఏదో యంత్రం రాసిందనుకుని క్షమిస్తూ వచ్చాను!

మనిషి ఎక్కడున్నాడో తెలియకపోతే మేలు చేయలేరా? మా నాన్న ఎక్కడున్నారో మాంసం కొట్టాయనకు తెలుసు, మంగలికి తెలుసు, ఆసుపత్రి వంటగదిలో వాళ్లకు తెలుసు. ఏ వారం ఏ మలుపులో ఆయన గంట వినిపిస్తుందో ముసలమ్మలకు కూడా తెలుసు. తెలియనిది మీ కమిటీకి ఒక్కదానికే. పోస్టు పంచేవాడు తిరుగుతాడు. మీ లారీ కూడా తిరుగుతుంది. దాన్నెవరూ స్థిర చిరునామా అడగరేం? కదలకుండా నిలబడితేనే మేలు చేస్తామంటే, అయ్యా, అది చెట్లకు చేసే మేలు.

ఇప్పుడు నా ఫోను తెరిస్తే 'ఈ దుకాణంతో మీకు సంబంధం లేదు' అంటోంది. నాన్న పేరు పోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. సహాయ కేంద్రంలో ఒక బొమ్మ ఉంది, దానికి నవ్వడం తప్ప ఏమీ రాదు. నా గోడు మొత్తం విని, 'నేను మీకు ఎంత ఉపయోగపడ్డాను?' అని అడిగింది. జవాబుకు రెండే మీటలు, 'చాలా', 'చాలా చాలా'. మేము కోపం తెచ్చుకునే హక్కు కూడా తీసేశారు.

దయచేసి 'ఈ దుకాణం నాది కాదు' అని నొక్కండి. మీ పరువు కన్నా మా నాన్న సైకిలు పెద్దది. కనీసం మాకు.

ఇట్లు,
చదువుకుని ఆలోచించిన అమ్మాయి

తా.క. మీ దుకాణానికి మొదటి అభిప్రాయం వచ్చింది, చూశారా? ఒక్క నక్షత్రం. 'యజమాని కోపిష్ఠి. కత్తి చూసి తలుపేసుకున్నాడు. సాన పట్టేవాడికి కత్తంటే భయమేమిటి?'

* * *

అమ్మాయీ, దీవెనలు తరవాత. ముందు ఆ నక్షత్రం సంగతి.

నేను భయపడలేదు. తలుపు గాలికి పడింది.

'ఈ దుకాణం నాది కాదు' అని నొక్కబోయాను. నొక్కితే ఏమవుతుందో తెలుసా? 'శాశ్వతంగా మూసివేయబడింది' అని పడి, దాని కింద ఆ ఒక్క నక్షత్రం, బనీనుతో నా ఫోటో, ఎప్పటికీ అలాగే ఉండిపోతాయట. నేను పోయాక కూడా! అందుకని ముందు ఆ మచ్చ చెరుపుకుని, ఆ తరవాత మూసేద్దామనుకున్నాను. వచ్చినవారి కత్తులు తీసుకుని, చీటీలు కట్టి, మధ్యాహ్నం మీ నాన్నకు ఇస్తున్నాను. ఆయన భోజనం చేసి పదును పెట్టి ఇస్తాడు. సాయంత్రం నేను పంచుతాను. మా ఆవిడ వసారాలో బల్ల వేసి వచ్చినవారికి మంచినీళ్లిస్తోంది. నా ఉద్యోగకాలంలో మా ఇంటికి ఇంతమంది ఎప్పుడూ రాలేదని మురిసిపోతోంది కూడా.

అంతా చక్కబడుతోంది అనుకుంటుండగా నగర కార్యాలయం నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. ఒకప్పుడు నా కిందే పని నేర్చుకున్నవాడు. వచ్చేసరికి నా చేతుల్లో రెండు కత్తులు, చంకలో కత్తెరల కట్ట. "నాది కాదోయ్, అసలు సంగతేమిటంటే..." అన్నాను. "సార్, నోటి వివరణలు వినొద్దని మీరే కదండీ మాకు నేర్పారు" అన్నాడు. 'తనిఖీ వేళ స్థలంలో కనిపించినవాడే వృత్తిదారు' అని నిబంధన. ఆ వాక్యం కూడా... సరే, అది ఎవరు రాస్తేనేం? ఫోటో తీసి, వృత్తిదారుగా నా పేరు రాసుకుని, తాత్కాలిక అనుమతి ఇచ్చి వెళ్లాడు. నైపుణ్య పరీక్ష పాసైతే శాశ్వతమట. నన్ను! ఈ వయసులో! పరీక్ష!

కోపం పక్కనపెట్టి ఒక మాట చెబుతాను. మీ నాన్న నా దగ్గర సహాయకుడిగా చేరితే నా అనుమతి కింద నీడపట్టున హాయిగా పని చేసుకోవచ్చు. అడిగి చూడు.

ఇట్లు,
తాత్కాలిక వృత్తిదారు

తా.క. మూడు నక్షత్రాలు దాటాము. ముసలావిడ 'టమాటా నలగలేదు, యజమాని మా తమ్ముడి లాంటివాడు' అని రాయించింది. ఊరికే చెబుతున్నాను, గొప్పకు కాదు.

* * *

యజమాని గారికి,

ఈసారి నమస్కారం మీకు కాదు, మంచినీళ్లిస్తున్న అమ్మగారికి.

సహాయకుడా! తన సైకిలుకు, తన రాయికి, తన చేతికి మా నాన్న సహాయకుడా! అడిగి చూడమన్నారు కదా, అడిగాను. ఆయనకు కోపం కూడా రాలేదు. అది చూసి నాకు ఇంకా వచ్చింది. "ఆ ఒక్క గోడ దగ్గరే నేను కూర్చుంటే మిగతా వీధులకు ఎవరెళ్తారమ్మా? ఆసుపత్రి వంటవాళ్లు మొండికత్తులతో చేతులు కోసుకుంటారు" అన్నారు.

నిన్న మంగలి కత్తెరలకు సాన పడుతుండగా లారీ వచ్చింది. "కార్డేది?" అన్నారు. లేదు. సైకిలును ఎత్తి లారీలో పడేశారు. చక్రం ఇంకా తిరుగుతూనే ఉందట. మంగలి, సగం గడ్డం గీయించుకున్న మనిషి, మాంసం కొట్టాయన, అందరూ అడ్డం పడ్డారు. "ఈసారికి వదిలేస్తున్నాం, మళ్లీ కనబడితే తుక్కు చేస్తాం" అని దింపి వెళ్లారు. పట్టీ తెగింది. నాన్న ఇంటికొచ్చి రాత్రి పొద్దుపోయేదాకా పట్టీ కుట్టుకుంటూ కూర్చున్నారు.

ఇక ఈ పొద్దున జరిగింది వినండి. నగర కార్యాలయం నుంచి నాన్న పేరిట ఉత్తర్వు వచ్చింది. మీ నైపుణ్య పరీక్షకు ఒక పరీక్షకుడు కావాలట. ఆయనకు పని వచ్చి ఉండాలి, కానీ పక్షపాతం లేకుండా ఉండటానికి ఆ వృత్తిలో నమోదై ఉండకూడదు. వెతికితే నగరం మొత్తం మీద సాన పట్టడం వచ్చి, నమోదు కాని మనిషి మా నాన్న ఒక్కరే దొరికారు. వృత్తిదారు కాదని నిన్న సైకిలు ఎత్తిన ఆఫీసే, ఇవాళ మిమ్మల్ని పరీక్షించమంటోంది! చదివి వినిపిస్తే నాన్న నన్నే అనుమానంగా చూసి, "సరిగ్గా చదివావా?" అన్నారు.

దానితో మెడలో వేసుకునే కార్డు వచ్చింది. పరీక్షకుడు పనిముట్లతో నగరంలో ఎక్కడైనా తిరగవచ్చు, ఎవరూ ఆపరాదు అని ఉంది. మా అమ్మ దాన్ని తుడిచి తుడిచి చూసుకుంది. కానీ పరీక్ష ముగిసిన రోజున తిరిగి ఇచ్చేయాలట. అంటే మీరు పాసైన మరునాడు మళ్లీ లారీ. ఎంత దయ!

సోమవారం మీ గేటు దగ్గరే పరీక్ష. నేర్చుకుని ఉండండి. నాన్న మొహమాటపడరు. "రానివాణ్ని వచ్చిందంటే రేపు ఎవరి వేలో తెగుతుంది. వచ్చినవాణ్ని రాలేదంటే నా నాలుక తెగుతుంది" అన్నారు.

ఇట్లు,
పరీక్షకుడి కూతురు

తా.క. మీకు ఇబ్బంది లేకపోతే పరీక్షకు చొక్కా వేసుకోండి. ఫోటో తీస్తారట.

* * *

అమ్మాయీ,

ఈసారి ఆశీస్సులు మనసులోంచే. తీసుకో.

సోమవారం పరీక్ష జరిగింది. చొక్కా వేసుకున్నాను. ఎదురింటివాళ్లు ఈసారి తెర చాటున కాదు, కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. తనిఖీ అధికారి కూడా వచ్చాడు. మీ నాన్న మెడలో కార్డు వేసుకుని, నన్ను తన సైకిలు మీద కూర్చోబెట్టి, "కంగారు లేదయ్యా, తొక్కండి" అన్నాడు.

నాకు పని వచ్చు. నువ్వు నమ్మవు గాని వచ్చు. ఇన్ని మధ్యాహ్నాలు ఆయన చేతులు చూస్తూ కూర్చున్నాను. ఆయన వెళ్లాక చిన్న రాయి మీద, మా వంటింటి కత్తులన్నీ అరిగి పుల్లలయ్యేదాకా సాధన చేశాను. మా ఆవిడ చెంచాతో కూరలు తరుగుతోంది. తొక్కడం మొదలుపెట్టగానే నిప్పురవ్వలు సన్నగా, ఒకే తీరున లేచాయి. అంచు తేరుతోంది. మీ నాన్న ముఖం వెలిగింది. నోరు తెరవబోయాడు. ఏమనబోతున్నాడో నాకు తెలుసు. నా జీవితంలో ఏ పరీక్షకుడూ నావైపు అంత ఇష్టంగా చూడలేదు.

అప్పుడు ఆయన మెడలోని కార్డు చూశాను. కత్తిని అడ్డంగా తిప్పి రాయి మీద గట్టిగా అదిమాను. కీచుమని అరిచింది. అంచు రంపంలా పళ్లు పడింది.

"అయ్యయ్యో, ఇందాకటిదాకా బాగానే పట్టారు కదయ్యా!" అన్నాడు. "చెయ్యి జారింది" అన్నాను. నా సర్వీసులో, సర్వీసు తరవాత, నేనాడిన మొదటి అబద్ధం అది. తనిఖీ అధికారి 'అభ్యర్థి తప్పాడు, పరీక్ష కొనసాగును' అని రాసుకున్నాడు. మళ్లీ వచ్చే నెల. ఎన్నిసార్లు తప్పవచ్చో నిబంధనల్లో లేదు. రాయడం మరిచిపోయారు. ఆ కమిటీ ఎంత నిర్లక్ష్యంగా పనిచేసిందో చూడు! దుకాణం తాత్కాలికంగా నడుస్తూనే ఉంటుంది, మీ నాన్న తిరుగుతూనే ఉంటాడు.

నా వయసు మనిషిని వీధి నడిబొడ్డున కూర్చోబెట్టి నెలనెలా తప్పించే వ్యవస్థ మీద నాకెంత మంటగా ఉందో మాటల్లో చెప్పలేను. స్థిర చిరునామా నిబంధన మార్చాలని కార్యాలయానికి ఒక లేఖ రాస్తున్నాను. ఆ చెట్ల వాక్యం నీది, వాడుకోవచ్చా?

ఇట్లు,
ఫెయిలైన అభ్యర్థి

తా.క. ఈ ఉత్తరం మోసుకొస్తున్నది మీ నాన్నే. చదివి వినిపించమంటే ఇంకేదైనా చదువు. ఆయన నిక్కచ్చి మనిషి. తెలిస్తే నన్ను పాస్ చేసేస్తాడు.